రైట్ సోదరుల తొలి విమానం ఫోటో: అందులో ఏముంది, ఏం లేదు

విమాన చరిత్ర గురించి ఎక్కడ రాసినా ఈ ఫోటో పడాల్సిందే. తడి ఇసుక నేల, దాని మీద సన్నటి చెక్క పట్టా, ఆ పట్టా చివర నేలకు రెండడుగుల ఎత్తులో గుడ్డ రెక్కల యంత్రం. దానికి కుడిపక్కన, అప్పుడే చేయి వదిలేసి ఆగబోతున్నట్టున్న మనిషి, ముదురు రంగు బట్టల్లో. 1903 డిసెంబరు 17, ఉదయం 10:35. అమెరికాలోని నార్త్ కరోలినా తీరంలో కిట్టీ హాక్ ఊరికి నాలుగు మైళ్ల దక్షిణాన ఉన్న కిల్ డెవిల్ హిల్స్. రెక్క మీద బోర్లా పడుకున్నవాడు ఆర్విల్ రైట్, పక్కన ఉన్నవాడు అన్న విల్బర్.

ఈ ఫోటో గురించి రెండు మాటలు జనంలో బాగా నాటుకుపోయాయి. అంతకుముందెన్నడూ కెమెరా ముట్టని మనిషి అదృష్టం కొద్దీ తీసిన ఫోటో అని ఒకటి. మనిషి ఎగిరాడనడానికి ఇదే తిరుగులేని సాక్ష్యం అని రెండోది. మొదటిదాంట్లో నిజం కొంతే. రెండోది అసలు నిలవదు. ఫోటో విలువను సరిగ్గా అందుకోవాలంటే అది ఎలా తయారైందో, అందులో ఉన్న ఒక్కో వస్తువు ఏం చెబుతుందో, ఏం చెప్పలేదో విడివిడిగా చూడాలి.

ముందే గురిపెట్టిన కెమెరా

కెమెరా రైట్ సోదరులదే. గుండ్లాక్ కంపెనీ తయారుచేసిన కొరోనా రకం, 5 అంగుళాలకు 7 అంగుళాల గాజు పలకల మీద బొమ్మ పడేది. ఫిల్ము చుట్టలు అప్పటికే బజార్లో ఉన్నాయి, కానీ పెద్ద గాజు పలక మీద దొరికే వివరం వాటిలో దొరకదు. తమ యంత్రంలో ఏ తీగ ఎలా బిగుసుకుందో, ఏ రెక్క ఏ కోణంలో ఉందో తర్వాత ఇంట్లో కూర్చుని పరిశీలించుకోవడానికి వాళ్లకు ఆ వివరం కావాలి. ఫోటోలు వాళ్లకు ప్రయోగపు లెక్కల పుస్తకంలో భాగం. ఒక్కో ప్లేటుకు ఎక్స్‌పోజర్ (వెలుతురు తగిలిన సమయం) ఎంత, లెన్సు ద్వారం ఎంత, తేదీ, చోటు, ప్లేటు రకం, విషయం అన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నారు.

ఇలాంటి కెమెరాతో ఎగిరేదాన్ని వెంటాడి తీయడం కుదరదు. పని జరిగే వరస చూస్తే ఎందుకో తెలుస్తుంది. ముందు ముక్కాలి స్టాండు మీద కెమెరా బిగించాలి. వెనక ఉన్న గరుకు గాజు మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. నల్లగుడ్డ కప్పుకుని దాన్ని చూస్తూ ఫోకస్ కుదర్చాలి. తర్వాత షట్టర్ మూసి, గాజు పలక ఉన్న హోల్డర్‌ను వెనక దూర్చాలి. షట్టర్ స్ప్రింగు ఎక్కించి, పలకకు అడ్డంగా ఉన్న చీకటి రేకును బయటికి లాగాలి. ఆ రేకు లాగాక ఇక ఫోకస్ మార్చడానికి లేదు, చూడ్డానికి కూడా లేదు. రేకు లాగడం మరిచిపోతే పలక మీద ఏమీ పడదు. తీశాక తిరిగి దూర్చకుండా హోల్డర్ బయటికి తీస్తే పలక మొత్తం వెలుతురు తగిలి పాడవుతుంది. మళ్లీ ఫోటో తీయాలంటే ఈ తతంగమంతా మొదటికొస్తుంది. ఆ తొలి ప్రయాణం సాగింది పన్నెండు సెకన్లే. అంటే దానికి దక్కేది ఒకే ఒక్క పలక.

కాబట్టి ఆర్విల్ ముందే తేల్చుకోవాల్సింది ఒక్కటే: యంత్రం గాల్లో ఉండే అవకాశం ఎక్కువగా ఉన్న చోటు ఏది? యంత్రం పరుగుతీసే పట్టా పొడవు 60 అడుగులు, 15 అడుగుల ముక్కలు నాలుగు. ఎదురుగాలి జోరు, యంత్రం బరువు, ఇంజను లాగుడు లెక్కేసుకుంటే పట్టా అయిపోయేలోపే లేవాలి. అందుకే కెమెరాను యంత్రానికి వెనకగా నిలిపి, పట్టా చివరి కొసకు గురిపెట్టాడు. ఈ ఫోటోలో ప్రతిభ అంతా ఆ నిర్ణయంలోనే ఉంది.

పైలట్ తనే కాబట్టి షట్టర్ నొక్కడానికి ఇంకో చేయి కావాలి. ఆ రోజు అక్కడ ఐదుగురు సాక్షులున్నారు. సముద్రంలో ఓడలు చిక్కుకుంటే మనుషులను కాపాడే కిల్ డెవిల్ హిల్స్ స్టేషన్ సిబ్బంది జాన్ డేనియల్స్, విల్ డవ్, ఆడమ్ ఎథెరిడ్జ్. వాళ్లతోపాటు మాంటియో ఊరి కలప వ్యాపారి బ్రింక్లీ, నాగ్స్ హెడ్ నుంచి వచ్చిన జానీ మూర్ అనే కుర్రవాడు. తమ షెడ్డు మీద జెండా ఎగరేస్తే స్టేషన్ వాళ్లు రావాలని ముందే ఒప్పందం. డేనియల్స్‌కు అప్పగించిన పని రబ్బరు బల్బు పట్టుకుని నిలబడి, యంత్రం లేవగానే నొక్కడం. బల్బు నొక్కితే అందులోని గాలి సన్నటి గొట్టంలోంచి వెళ్లి షట్టర్‌లోని చిన్న పిస్టన్‌ను తోస్తుంది, షట్టర్ తెరుచుకుని మూసుకుంటుంది. చేత్తో కెమెరాను ముట్టే పనే లేదు కనుక స్టాండు కదలదు. డేనియల్స్ ఆ కంగారులో తను నొక్కాడో లేదో కూడా తర్వాత గట్టిగా చెప్పలేకపోయాడంటారు. నొక్కాడు, సరైన క్షణంలోనే. అదృష్టం పాలు అంతవరకే.

ఎదురుగాలి చేసిన మేలు

చూసినవాళ్లు తరచు అడిగే ప్రశ్న: ఎగిరే విమానం పక్కన మనిషి ఎలా పరుగెత్తగలిగాడు? దీనికి జవాబు ఆ రోజు గాలిలో ఉంది. ఉత్తరం నుంచి గంటకు 20 మైళ్లకు మించి ఈదురుగాలి. 10:30కి కిట్టీ హాక్ వాతావరణ కేంద్రం యంత్రంలో నమోదైంది 27 మైళ్లు, అంటే సుమారు 43 కిలోమీటర్లు. మడుగుల్లో నీళ్లు గడ్డకట్టేంత చలి.

ఆర్విల్ లెక్క ఇది. నేల మీద చూస్తే యంత్రం సెకనుకు 10 అడుగులే కదిలింది. ఎదురుగాలి సెకనుకు 35 అడుగులకు పైమాటే. రెండూ కలిపితే గాల్లో దాని వేగం సెకనుకు 45 అడుగులు. రెక్కలకు తెలిసేది ఈ 45 మాత్రమే, నేలతో వాటికి పనిలేదు. అందుకే గాలి లేని రోజైతే ఇదే ప్రయాణం 540 అడుగులకు సమానమని ఆయన రాశాడు: 45ను 12తో గుణిస్తే వచ్చేది అదే. నేల మీద 10 అడుగుల వేగమంటే గంటకు 11 కిలోమీటర్లు, మామూలు పరుగు. విల్బర్ రెక్క పట్టుకుని వెంట రాగలిగింది అందుకే.

ఫోటో ఇంత స్పష్టంగా రావడానికీ కారణం అదే గాలి. ఉదాహరణకు షట్టర్ సెకనులో 25వ వంతు తెరుచుకుందనుకుందాం. సెకనుకు 10 అడుగుల వేగంతో యంత్రం ఆలోపు జరిగేది దాదాపు 12 సెంటీమీటర్లు. గాలి లేకుండా అదే యంత్రం ఎగరాలంటే నేల మీదా సెకనుకు 45 అడుగులు పోవాలి, అప్పుడు జరిగేది అర మీటరు పైనే. దానికి తోడు కెమెరా వెనకవైపు ఉంది. కెమెరా నుంచి దూరంగా పోయే వస్తువు, అడ్డంగా పోయేదానికంటే పలక మీద తక్కువ చెరుగుతుంది. ప్రొపెల్లర్ల సంగతి వేరు. ఎనిమిదిన్నర అడుగుల ప్రొపెల్లర్ నిమిషానికి 350 చుట్లు తిరుగుతుంటే దాని కొస సెకనులో నూరోవంతుకే అర మీటరు దాకా జరుగుతుంది. ఆనాటి షట్టర్లకు అది పదునుగా దొరకదు.

గాలి చేసే కీడు కూడా ఉంది. బెల్లోస్ (ముందు సాగే మడతల గొట్టం) ఉన్న కెమెరాను ఈదురుగాలి తెరచాపలా పట్టుకుని ఊపుతుంది. స్టాండు కాళ్లు ఇసుకలో దిగబడతాయి. రేణువు ఒకటి షట్టర్‌లో చిక్కితే అది సగంలో ఆగిపోతుంది. నాలుగేళ్లుగా అదే ఇసుకలో పని చేసిన వాళ్లకు ఇవన్నీ అనుభవమే.

ఆకాశం తెల్లగా, ఏ మేఘమూ లేకుండా కనబడడం చూసి ఎవరో చెరిపేశారని అనుమానించేవారున్నారు. ఆనాటి పలకలకు నీలిరంగు వెలుతురు అతిగా తగిలేది, ఎరుపు దాదాపు తగిలేది కాదు. నేల వివరం దక్కేంత ఎక్స్‌పోజర్ ఇస్తే ఆకాశం మొత్తం తెల్లబడిపోతుంది. ఆ కాలపు బయటి ఫోటోలు ఎన్నింటిలోనో ఇదే తెలుపు.

చిత్రంలోని వస్తువులు

పట్టాతో మొదలుపెడదాం. చెక్క దూలాలను అంచు మీద నిలబెట్టి పైన సన్నటి లోహపు బద్ద కొట్టారు. యంత్రానికి చక్రాలు లేవు. పట్టా మీద దొర్లే చిన్న బండి మీద కూర్చుని పరుగుతీసి, లేచేటప్పుడు బండిని కిందే వదిలేసింది. కొండవాలు నుంచి జార్చలేదు, తోసే ఏర్పాటూ లేదు. పట్టా సమతలం మీద పరిచి ఉండడం ఈ ఫోటోలో కీలకం. మూడు రోజుల ముందు, డిసెంబరు 14న, నాణెం ఎగరేసి గెలిచిన విల్బర్ చేసిన ప్రయత్నం వాలు మీద నుంచి. యంత్రం మరీ నిటారుగా లేచి మూడున్నర సెకన్లలో కిందపడి దెబ్బతింది. వాలు ఉంటే అది ఎగిరిందా, జారిందా అన్న ప్రశ్న మిగిలేది. 17న ఆ ప్రశ్నకు చోటివ్వలేదు.

దగ్గర్లో కనబడే చిన్న బల్ల, బయలుదేరేముందు కుడి రెక్క కొసను ఆన్చి ఉంచిన పీట. ఒకే పట్టా మీద నిలిచే యంత్రం పక్కకు ఒరిగిపోకుండా అది ఉండాలి. బయలుదేరాక ఆ పని విల్బర్ చేతిది. నేల మీదున్న పెట్టె ఇంజను ముట్టించే కాయిల్ పెట్టె. ఇంజను నడిచేటప్పుడు నిప్పురవ్వ దాని మాగ్నెటో (ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించే పరికరం) నుంచే వస్తుంది, మొదలుపెట్టడానికి మాత్రం బ్యాటరీ, కాయిల్ బయటి నుంచి తగిలించి, ఇద్దరు మనుషులు రెండు ప్రొపెల్లర్లను చేత్తో తిప్పాలి. ముట్టుకున్నాక పెట్టె అనవసరం. ఆ బరువు నేల మీదే వదిలేశారు. 12 హార్స్‌పవర్ ఇంజనుతో, పైలట్ కాకుండానే 605 పౌండ్లు, అంటే 274 కిలోలు మోయాల్సినప్పుడు ప్రతి కిలో లెక్కే.

రెక్కల కొసలు కాస్త కిందికి వాలి ఉండడం గమనించండి. అది వంగిపోవడం కాదు, కావాలని అలా బిగించారు. నేలకు దగ్గరగా ఎగిరేటప్పుడు పక్కగాలి రెక్కను పైకెత్తి తిరగేయకుండా. కంటికి కనబడనిది ఇంకొకటి: కుడి రెక్క ఎడమదానికంటే నాలుగు అంగుళాలు పొడవు. మధ్యగీతకు కుడిపక్క ఉన్న ఇంజను, ఎడమపక్క పడుకున్న మనిషికంటే బరువు కాబట్టి.

ఆర్విల్ నడుము ఒక చెక్క ఊయలలో ఉంది. నడుము పక్కకు కదిపితే తీగలు రెక్కల కొసలను మెలితిప్పుతాయి, తోక చుక్కాని కూడా దాంతోపాటు తిరుగుతుంది. చేతి మీటతో తిరిగేది ముందున్న ఎలివేటర్, అంటే యంత్రాన్ని పైకీ కిందికీ మళ్లించే చిన్న రెక్క. ఆ రోజు ఇబ్బంది పెట్టింది ఈ ఎలివేటరే. దాని ఇరుసు మధ్యకు మరీ దగ్గరగా ఉండడంతో, కొంచెం తిప్పితే తనంత తనే ఇంకా తిరిగిపోయేది. యంత్రం ఒక్కసారిగా పదడుగులు లేవడం, మీట తిప్పగానే అంతే వేగంగా నేలకు దూసుకురావడం ఆర్విల్ డైరీలో ఉంది. పన్నెండో సెకనులో ప్రయాణం ముగిసింది అలాంటి ఒక దూకుడుతోనే.

క్షణాన్ని కూడా లెక్కకట్టొచ్చు. డైరీ ప్రకారం యంత్రం నాలుగో పట్టా ముక్క మొదట్లో లేచింది, అంటే 45 అడుగుల దగ్గర. ఫోటో పడింది 60 అడుగుల కొసలో. సెకనుకు 10 అడుగుల చొప్పున మధ్య దూరం దాటడానికి ఒకటిన్నర సెకను. మనం చూస్తున్నది చరిత్రలో రెండో సెకను.

ఫోటో ఒంటరిగా ఏం రుజువు చేయదు

ఇక తిరుగులేని సాక్ష్యం అన్న రెండో మాట. రెండడుగుల ఎత్తులో ఒక యంత్రం ఉంది, అంతే ఫోటో చెప్పేది. గాలిదెబ్బకు ఎగిరిపడ్డా రెండడుగులు లేస్తుంది. ఎంతసేపు నిలిచింది, పైలట్ అదుపులో ఉందా, లేచిన చోటి కంటే పల్లంలో దిగిందా అన్నవి ఒక్క ఫోటో తేల్చలేదు. వాటిని తేల్చేవి డైరీ, వాతావరణ కేంద్రం గాలి నమోదు, ఐదుగురు సాక్షులు, అదే రోజు ఇంటికి కొట్టిన టెలిగ్రాం. యంత్రం మీదే స్టాప్‌వాచీ, గాలివేగం కొలిచే సాధనం, ఇంజను చుట్లు లెక్కించే మీటరు బిగించుకుని ఎగిరారు వాళ్లు. అయినా తొలి ప్రయాణం గురించి ఆర్విల్ రాసింది సుమారు 12 సెకన్లు అనే. వాచీని వెంటనే ఆపలేదు కాబట్టి కచ్చితంగా తెలియదని పక్కనే రాశాడు. తమకు అనుకూలమైన అంకె దగ్గర కూడా ఇంత నిజాయితీ చూపినవాళ్ల మిగతా అంకెలను నమ్మవచ్చు.

నన్నడిగితే, రుజువుగా ఇంతకంటే బలమైన ఫోటో అదే రోజు తీసిన మరొకటి. నాలుగో ప్రయాణంలో విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు వెళ్లాడు. దిగాక బయలుదేరిన చోటు నుంచే తీసిన ఫోటోలో ముందు రెక్క పీట, పక్కన పట్టా, ఎక్కడో దూరంగా చుక్కలా యంత్రం. చూడ్డానికి ఏమీ లేని ఫోటో. కానీ బయలుదేరిన చోటు, దిగిన చోటు ఒకే పలక మీద ఉన్నాయి. ఆ తర్వాత కాసేపటికే పెనుగాలి యంత్రాన్ని దొర్లించి విరగ్గొట్టింది. ఆపబోయిన డేనియల్స్ దాంతోపాటు దొర్లి దెబ్బలు తిన్నాడు. ఆ యంత్రం మళ్లీ ఎగరలేదు.

పోలికకు గుస్టావ్ వైట్‌హెడ్ సంగతి. 1901లోనే కనెక్టికట్‌లో ఆయన ఎగిరాడని వాదన ఉంది. 1906లో న్యూయార్క్‌లో జరిగిన ఒక ప్రదర్శన గోడ మీద మసక ఫోటో ఉందని, అది ఆయన యంత్రానిదేనని 2013లో ఆ వాదన మళ్లీ లేచింది. పరిశోధకులు పెద్దదిచేసి చూస్తే అది కాలిఫోర్నియాలో జాన్ మాంట్‌గొమరీ 1905లో చేసిన, ఇంజను లేని గ్లైడర్ అని తేలింది. ఎవరు తీశారు, ఎప్పుడు, ఎక్కడి నుంచి, అసలు నెగెటివ్ ఎక్కడుంది అన్న నాలుగింటికీ జవాబు లేని ఫోటో ఏ వాదననూ మోయలేదు. కిట్టీ హాక్ పలకకు నాలుగింటికీ జవాబుంది.

పలక ఏమైంది

పలకలను అక్కడ కడగలేదు. ఒహాయోలోని డేటన్ ఊళ్లో, ఇంటి వెనక షెడ్డులోని చీకటిగదికి తెచ్చాకే బొమ్మ బయటపడింది. పలక మీద విమానం తేలుతుందా, ఖాళీ ఆకాశమే తేలుతుందా అని ఎదురుచూసే ఆ క్షణాలు మైదానంలోని ఉత్కంఠకు తీసిపోవని ఆ సోదరులే చెప్పుకున్నారు.

అయినా ఫోటో లోకానికి చూపలేదు. ఎగిరిన మర్నాడు వచ్చిన ఒక పత్రికా కథనం మూడు మైళ్లు ఎగిరారని రాసింది. 1904 జనవరిలో తప్పులు సరిదిద్దుతూ ప్రకటన ఇచ్చారు గానీ, ఫోటోలు ఇవ్వడానికి ఇంకా సిద్ధంగా లేమని అందులోనే చెప్పారు. కారణం పేటెంటు. రెక్క మెలిక ఎలా పనిచేస్తుందో వివరమైన ఫోటోలోంచి ఎవరైనా లాగేయవచ్చు. పేటెంటు 1906 మేలో వచ్చింది, ఫోటో అచ్చులో కనబడింది 1908లో. ఆ ఐదేళ్ల మౌనమే వాళ్ల మీద అనుమానాలకు ఊతమైంది.

1913 మార్చిలో డేటన్‌ను వరద ముంచినప్పుడు షెడ్డులోని పలకలన్నీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కొన్నింటి మీద పొర ఊడిపోయింది. ఈ పలకకు ఒక మూల మాత్రమే పోయింది. బొమ్మను పట్టి ఉంచే జెలటిన్ చల్లటి నీళ్లలో ఉబ్బుతుంది గానీ కరగదు. నీళ్లు 30 డిగ్రీలు దాటితే మాత్రం మెత్తబడి జారిపోతుంది. మార్చి నెల చలి నీళ్లు కావడం మేలైంది. మన వేడిలో ఇదే పెద్ద తలనొప్పి. పొర గట్టిపడడానికి పటిక కలిపిన ద్రావణంలో ముంచడం ఉష్ణదేశాల స్టూడియోల్లో మామూలు పద్ధతి. సికింద్రాబాదులో రాజా దీన్‌దయాళ్ స్టూడియో పనిచేసిందీ గాజు పలకలతోనే.

మన ఊళ్లలో పాత స్టూడియోలు మూతపడినప్పుడు ఇలాంటి పలకలు ఇప్పటికీ బయటపడుతుంటాయి. వాటిని అంచులు పట్టుకునే ఎత్తాలి. మెరుపు లేని వైపు పొర, దాన్ని వేలితో గానీ గుడ్డతో గానీ ముట్టకూడదు. పడుకోబెట్టి ఒకదానిమీద ఒకటి పేర్చితే బరువుకు కిందివి పగులుతాయి, పొడవాటి అంచు మీద నిలబెట్టాలి. తడిస్తే విడివిడిగా నిలబెట్టి నీడలో ఆరనివ్వాలి. తడిగా అంటుకున్నవాటిని ఆరనిచ్చి లాగితే పొర మొత్తం వచ్చేస్తుంది.

ఆర్విల్ 1948లో పోయాక, మరుసటి ఏడు ఆయన ఆస్తి చూసేవాళ్లు 303 గాజు నెగెటివ్‌లను వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చారు. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఈ పలక స్కాన్ పెద్ద సైజులో ఉచితంగా దొరుకుతుంది. ఫోన్లలో తిరిగే కాపీల్లో చాలావాటికి కింది భాగం కోసేసి ఉంటుంది, అప్పుడు పట్టా, పీట, కాయిల్ పెట్టె పోతాయి, అంటే సాక్ష్యంలో సగం పోయినట్టే. గాజు నెగెటివ్‌ను తిరగేసి అచ్చేస్తే ఎడమ కుడి మారిపోతాయి. విల్బర్ మీ కుడిచేతి వైపు ఉంటేనే కాపీ సరైనది.